‘బ్రహ్మ మొకటే’నా, ‘బ్రహ్మ మొక్కటే’నా? కేటలాగులో ఏది ఎక్కించాలి?

అలిపిరి: మా వీధి గ్రంథాలయంలో అన్నమయ్య సంకీర్తనల పుస్తకాలకు రికార్డులు చేస్తున్నాం. పల్లవి పట్టుకుని వెతికేవాళ్లే ఎక్కువ కాబట్టి పల్లవులూ ఎక్కిస్తున్నా. ‘తందనాన’ దగ్గర ఆగిపోయాను. నా చెవిలో ‘మొక్కటే’ అనే ఉంది. పాటల పుస్తకాల్లో రెండూ కనిపిస్తున్నాయి.

పీలేరు మాష్టారు: ఒంటి కకారమే అమ్మా. చరణాల్లో ‘నిద్రయు నొకటే’, ‘అదియు నొకటే’ అని ఉండగా పల్లవికి మాత్రం ఒత్తెందుకు? ‘మొకటే’ నాలుగు మాత్రలు, ఒత్తు పెడితే ఐదు.

చంద్రగిరి: పద్యమైతే ఆ లెక్క సరే సార్, ఇది తాళానికి పాడేది. పైగా ఇంకోటి లేదని తేల్చి చెప్పేచోట ‘ఒక్కటే’ అనడమే మన నోటికి సహజం.

పీలేరు మాష్టారు: ఆ నొక్కు చివరి ‘ఏ’లోనే ఉంది.

కార్డుపెట్టె: ఇది తేలేదాకా రికార్డు ఆపక్కర్లేదమ్మా. మార్క్ 21లో (కంప్యూటర్ కేటలాగు రికార్డుల నమూనా అది, అంకెలు అందులోని గడులవి) పుస్తకం పేరు 245లో, ముఖపత్రం మీద ఎలా ఉంటే అలాగే. మనం దిద్దకూడదు. పల్లవుల జాబితా 505లో, వెతకడానికి విడి పేర్లు 740లో. ఆ పాటకే అథారిటీ రికార్డు, అంటే ఏ పేరు ఖాయమో, దాని వేరే రూపాలేవో చెప్పే విడి రికార్డు చేస్తే 100లో కర్త పేరు, మనం ఎంచుకున్న పాట పేరు. మిగతా రూపాలన్నీ 400లో. ‘తందనాన’ కూడా అక్కడే.

చంద్రగిరి: ఎంచుకోవాల్సిన పేరేదన్నదే కదా అసలు ప్రశ్న!

కార్డుపెట్టె: నాకు ఒత్తు కంటే ఖాళీ ముఖ్యం. బ్రహ్మము + ఒకటే. విడగొట్టి ‘బ్రహ్మ మొకటే’ అని వేస్తే, ‘మొకటే’ అని తెలుగులో లేని మాట ఒకటి సూచికలోకి చేరుతుంది. ‘బ్రహ్మము’ అని వెతికినవాళ్లకు పాట దొరకదు. కలిపి రాసిన రూపం కూడా ఇవ్వండి.

పీలేరు మాష్టారు: బాగా చెప్పారు. మా వైపు తరిగొండ వెంగమాంబ గారి ‘వెంకటాచల మాహాత్మ్యము’కూ ఇదే గతి. దీర్ఘం తీసేసి ‘మహాత్మ్యం’ అని ఎక్కిస్తారు. ఆదివృద్ధి వల్ల, అంటే ‘మహాత్మ’ నుంచి కొత్త మాట పుట్టేటప్పుడు మొదటి అచ్చు సాగడం వల్ల వచ్చిన దీర్ఘం అది, తీసెయ్యడానికి లేదు. ద్విపదలో భాగవతం రాసిన మనిషి ఆమె, ఒక్క అక్షరం ఊరికే వాడదు.

చంద్రగిరి: ఆమెను ‘తరిగొండ’ కింద పెట్టాలా, ‘వెంగమాంబ’ కిందా? నా ఓటు వెంగమాంబకే.

కార్డుపెట్టె: ఏది పెట్టినా రెండోదాని నుంచి దారి చూపాలి. ‘తాళ్లపాక’, ‘తాళ్ళపాక’లకూ అంతే. మనకు ఒకటే ఊరు, యూనికోడ్‌లో మాత్రం ల, ళ వేరు వేరు అక్షరాలు.

అలిపిరి: సరే సార్. ఇప్పటికి పుస్తకంలో ఉన్నట్టే 505లో ఉంచి, మిగతావి 740లో ఇస్తున్నా. రాగిరేకుల నుంచి అచ్చేసిన సంపుటం తెప్పించి చూస్తాను.

చంద్రగిరి: అచ్చులో ఉన్నది పరిష్కర్త పాఠం కావచ్చు. రేకే చూడాలి.

పీలేరు మాష్టారు: చూడండి నాయనా. ఒంటి కకారమే ఉంటుంది.