రాత్రి ఎనిమిది దాటితే ఓటీటీలో చక్రం తిరుగుతానే ఉంటాది, ప్లాన్ పెంచాలా?

పెన్నా ఒడ్డు:
అన్నా, ప్రొద్దుటూరు దగ్గర పల్లెలో పాత మిద్దె ఇల్లు మాది. రాయీ మట్టీ గోడలు, రెండడుగుల మందం. 40 ఎంబీపీఎస్ ఫైబర్ ఉంది. రౌటర్ వసారాలో, టీవీ రెండు గోడల అవతల నడుమింట్లో. పగలు పరవాలేదు, రాత్రి ఎనిమిది దాటితే బొమ్మ మసకబారి చక్రం తిరుగుతాది. కనెక్షన్ ఇచ్చినాయన 100 ప్లాన్‌కు మారమంటాడు. మారితే తీరుతుందా?
ఇంకొకటి. నాయన తోట కాడ చూసుకుంటాడని ఫోన్‌లో సినిమాలు డౌన్‌లోడ్ చేసిపెడితే రెండు రోజులకే తెరుచుకోవడం లేదు. ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌కు ఎక్కించి టీవీలో చూసే దారి ఏమన్నా ఉందా?

తీగల పని:
ఇప్పుడే డబ్బు కట్టొద్దన్నా. 1080పీ (ఫుల్ హెచ్‌డీ) బొమ్మకు నెట్‌ఫ్లిక్స్ అడిగేది 5 ఎంబీపీఎస్, 4కేకు 15. ఒక్క టీవీకి 40 ధారాళంగా చాలు. ఆ 40 ఎక్కడ కారిపోతాందో ముందు పట్టుకోవాల.
రాత్రి తొమ్మిదికి, అంటే తిప్పలు పడే వేళకే, మూడు చోట్ల కొలవండి. ల్యాప్‌టాప్‌కు ల్యాన్ వైరు పెట్టి రౌటర్ నుంచి నేరుగా ఒకటి. ఫోన్‌తో రౌటర్ పక్కన ఒకటి. అదే ఫోన్‌తో టీవీ ముందర ఒకటి. మొదటిది బాగుండి మూడోది పడిపోతే తప్పు గోడది. మొదటిదే 8, 10 చూపిస్తే తప్పు ఇంటి బయట ఉంది.
ప్రతిచోటా మామూలు స్పీడ్ టెస్టూ, ఫాస్ట్ డాట్ కామూ రెండూ చూడండి. ఫాస్ట్ నెట్‌ఫ్లిక్స్ సర్వర్ల నుంచే కొలుస్తాది. మామూలు టెస్ట్ దగ్గరి సర్వర్‌ను పట్టుకుంటాది, అది ఒక్కోసారి ఆపరేటర్‌దే అయి ఉంటాది. మామూలు టెస్ట్‌లో 40, ఫాస్ట్‌లో 6 వస్తే ఆపరేటర్ పైనుంచి తెచ్చుకునే దారి ఇరుకని అర్థం.

స్ప్లైసింగ్ బాక్స్:
రాత్రిపూటే ఎందుకంటే, కేబుల్ టీవీలో ఊరంతటికీ ఒకే సిగ్నల్. పది ఇళ్లు చూసినా వెయ్యి ఇళ్లు చూసినా బరువు ఒకటే. ఓటీటీలో ఎవరి బొమ్మ వారిదే, ఇంటింటికీ విడిగా ధార రావాలి. 2016 జనవరిలో నెట్‌ఫ్లిక్స్, సెప్టెంబరులో జియో, 2020లో మన తెలుగుకే ఆహా. వీటి తర్వాత రాత్రిపూట బరువు పెరిగిపోయింది. వంద ఇళ్లు 1080పీ పెడితే 500 ఎంబీపీఎస్ కావాలి. ఆపరేటర్ పైనుంచి 300 మాత్రమే తీసుకుంటుంటే తలా 3, అంటే 720పీకి అంతంతమాత్రం.
వీధిలో ఫైబర్‌ను అనుమానించే పని చాలావరకు లేదు. ఒకే ఫైబర్‌ను చాలా ఇళ్లకు పంచే జీపాన్ లైనులో కిందికి దాదాపు 2.5 జీబీపీఎస్ వస్తుంది. 64 ఇళ్లు ఒకేసారి లాగినా తలా 39 దాకా పడుతుంది. ఇరుకంటూ ఉంటే దాని వెనకాలే. అలాంటప్పుడు 100 ప్లాన్ తీసుకున్నా నడిచేది అదే ఇరుకు దారిలో.
ఇంకో పరీక్ష. ఇంట్లో ఫైబర్ వచ్చి చేరే డబ్బా ఓఎన్‌టీ. బ్రౌజర్‌లో దాని పేజీ తెరిచి ఆర్‌ఎక్స్ పవర్, అంటే డబ్బాకు అందే వెలుతురు ఎంతో చూడండి. చాలా డబ్బాలకు చిరునామా 192.168.1.1. మైనస్ 15 నుంచి మైనస్ 25 డీబీఎం మధ్య ఉంటే నిశ్చింత. మైనస్ 27 కంటే కిందికి పోతే లైను తెగుతూ అతుకుతూ ఉంటుంది. మూలలో మేకు కొట్టి ఫైబర్‌ను మడిచినా, కనెక్టర్ మొనకు వేలు తగిలి మురికి పట్టినా, పచ్చ కనెక్టర్‌ను నీలం దాంట్లో దూర్చినా వెలుతురు తగ్గుతుంది. తీగ మొనలోకి మాత్రం కన్ను పెట్టి చూడొద్దు.

పెన్నా ఒడ్డు:
కొలిచినా. రాత్రి తొమ్మిదిన్నరకు వైరుతో 38, ఫాస్ట్‌లో 36. ఫోన్‌తో రౌటర్ పక్కన 37. టీవీ కాడ వైఫై 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ అసలు దొరకదు, 2.4 బ్యాండ్‌లో 4 ఎంబీపీఎస్ వస్తాంది. పగలు అదే చోట 12. ఆర్‌ఎక్స్ మైనస్ 21.

తీగల పని:
అయితే ఆపరేటర్ తప్పేమీ లేదు, గోడే. రాత్రి చుట్టుపక్కల వైఫైలన్నీ పని చేస్తుంటాయి, 2.4లో గోల ఎక్కువ. రౌటర్ సెట్టింగుల్లో వైఫై ఛానెల్‌ను 1, 6, 11 లలో ఖాళీగా ఉన్నదానికి మార్చి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ పెడితే కాస్త మేలు. టీవీ పక్కన రిపీటర్ (వైఫైని అందుకుని మళ్లీ పంచే డబ్బా) మాత్రం కొనొద్దు. దానికి అందేదే 4 అయితే అది పంచేది ఇంకా తక్కువ.
మందు వైరే. క్యాట్ 6 రకం ల్యాన్ వైరు, అసలు రాగిది. కొనేముందు తీగను బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా కనిపిస్తే రాగి పూసిన అల్యూమినియం, వద్దు. మట్టి గోడకు బెజ్జం వేయకండి, రాలి పెద్దదవుతాది. దంతెల వెంబడి క్లిప్పులు కొట్టి ద్వారబంధం పైనుంచి తీసుకుపోండి.
ప్లగ్గులు మీరే బిగిస్తే (క్రింపింగ్) రెండు కొనలకూ లోపలి తీగల రంగులు ఒకే వరస: నారింజ తెలుపు, నారింజ, ఆకుపచ్చ తెలుపు, నీలం, నీలం తెలుపు, ఆకుపచ్చ, గోధుమ తెలుపు, గోధుమ. ఆకుపచ్చ జత మధ్యలో నీలం జత ఎందుకని వరసగా పెట్టేస్తారు కొందరు. అక్కడే చెడుతాది. 3, 6 పిన్నులు ఒకే మెలికలో ఉండాల, లేకుంటే లైటు వెలిగినా డేటా చెడుతుంటాది.

ఆఫ్‌లైన్ పెట్టె:
డౌన్‌లోడ్ సంగతి. యాప్ దించేది తాళం వేసిన ఫైలు. తాళంచెవి విడిగా ఉంటుంది, దానికి గడువుంటుంది, ఆ ఫోన్‌కే కట్టుబడి ఉంటుంది. పెన్‌డ్రైవ్‌కు కాపీ చేసినా తెరుచుకోదు. కొన్ని సినిమాలకు మొదటిసారి ప్లే నొక్కిన క్షణం నుంచి 48 గంటల లెక్క మొదలవుతుంది. సరిగ్గా దిగిందా లేదా అని మీరు ఒకసారి నొక్కి చూస్తుంటారు, రెండు రోజుల గుట్టు అదే అయి ఉండొచ్చు. దించాక ముట్టుకోకుండా నాయన చేతికివ్వండి. గడువు దాటితే నెట్ ఉన్నచోట యాప్ తెరిచి రెన్యూ కొట్టాలి.
దించేటప్పుడు స్టాండర్డ్ క్వాలిటీ పెట్టండి, ఫోన్ తెరకు అది చాలు. 5 ఎంబీపీఎస్ బొమ్మంటే గంటకు 2.25 జీబీ, రోజుకు 1.5 జీబీ ఇచ్చే సిమ్ నలభై నిమిషాలకే ఖాళీ. సెట్టింగుల్లో వైఫై మాత్రమే అన్నది ఆన్ చేసి ఉంచండి.
పెన్‌డ్రైవ్ మీ సొంత వీడియోలకు పనికొస్తుంది. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన పెళ్లి వీడియో ఎక్కదు, ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయండి. మీ టీవీ దాన్ని చదువుతుందో లేదో చిన్న ఫైలుతో ముందే చూసుకోండి. బొమ్మ వచ్చి శబ్దం రాకపోతే ఆడియో డీటీఎస్ లాంటి, మీ టీవీ చదవని రకంలో ఉండొచ్చు, ఏఏసీ రకానికి మార్చండి.

పెన్నా ఒడ్డు:
నొక్కి చూసేది నిజమేనన్నా, ప్రతిసారీ. దోవ కొలిస్తే 18 మీటర్లు వచ్చింది. అంగట్లో ప్లగ్గులు బిగించిన 20 మీటర్ల రెడీమేడ్ వైరు ఉంది, సరిపోతుందా?

తీగల పని:
బ్రహ్మాండంగా. క్రింపింగ్ పని తప్పుతాది. ద్వారబంధం సందులో ప్లగ్గు పడుతుందో ముందే చూసుకోండి. మిగిలిన రెండు మీటర్లు బిగించి కట్టకుండా వదులుగా చుట్టండి. టీవీ సెట్టింగుల్లో వైఫై ఆపేసి వైర్డ్ పెట్టండి, లేకుంటే కొన్ని టీవీలు పాత వైఫైనే పట్టుకుని ఉంటాయి.