ఇషాపూర్ రైఫిల్ బాగు చేసుకోవాలి: ఏ పనిముట్లు కొనాలి, విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి?

కాకినాడ_టు_డాలస్ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. డాలస్ దగ్గర ఉంటాను. సిటిజన్‌షిప్ వచ్చాక ఈ మధ్యే లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర ఒక పాత రైఫిల్ కొన్నాను. బ్యాక్‌గ్రౌండ్ చెక్ అన్నీ అయ్యాయి. అది మన బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో చేసిన 2ఎ1 రకం. బట్ (భుజానికి ఆనించే వెనక చెక్క) ముందున్న ఇనుప పట్టీ మీద ఆర్.ఎఫ్.ఐ. (రైఫిల్ ఫ్యాక్టరీ ఇషాపూర్) అనీ, 1967 అనీ ముద్ర ఉంది. మా పెద్దనాన్న రిజర్వ్ పోలీసులో పనిచేశారు. ఆయన చేతిలో చిన్నప్పుడు చూసిన 303 ఆకారమే ఇది, కాకపోతే 7.62 తూటాకి చేసింది. అందుకే గోడకి తగిలించి వదిలేయకుండా నా చేతులతో శుభ్రం చేసి, చెక్కకి ప్రాణం పోయాలని ఉంది.

పరిస్థితి ఇది. చెక్క అంతా నల్లటి జిగురు గ్రీజు, ముట్టుకుంటే చేతికి అంటుతోంది. బట్ కొంచెం ఊగుతోంది. పైన బ్యారెల్ మీద ఉండే వెనక హ్యాండ్‌గార్డ్ (చెయ్యి కాలకుండా ఉండే చెక్క కప్పు) చెవిలా పొడుచుకొచ్చిన ఒక అంచు దగ్గర చీలింది. ట్రిగ్గర్ గార్డ్ ముందు స్క్రూ గాడి ఎవరో కొరికేసినట్టు ఉంది.

అడగాల్సినవి: ఇంట్లో ఉన్న మామూలు స్క్రూడ్రైవర్లు సరిపోతాయా, లేక ఆన్‌లైన్‌లో కనపడే పెద్ద కిట్ కొనాలా? హ్యాండ్‌గార్డ్, స్క్రూ ఎక్కడ దొరుకుతాయి? బట్ ఊగడం నేనే బిగించుకోవచ్చా? ఇంకొకటి. వైజాగ్‌లో మా బావమరిదికి మంచి వడ్రంగి తెలుసు. చీలిన చెక్క పంపిస్తే అలాంటిదే చేయించి పంపుతానంటున్నాడు. అది కుదురుతుందా?

చెక్కపని_బాబాయ్ జవాబు

తమ్ముడూ, ముందు బట్ సంగతి చెప్తాను, ఎందుకంటే నువ్వు ఈ రాత్రే స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పేస్తావేమోనని నాకు టెన్షన్‌గా ఉంది. ఆగు. దాన్ని ముట్టుకోకు.

ఈ రైఫిల్ పాత 303 ఎస్.ఎం.ఎల్.ఇ. మార్క్ 3, అంటే బ్రిటిష్ వాళ్ళ లీ ఎన్‌ఫీల్డ్ పద్ధతిలోనే కట్టింది. బట్‌ని పట్టి ఉంచేది లోపల ఉండే ఒక పొడుగాటి బోల్టు. దాని ముందు కొన నలుచదరంగా ఉండి, బ్యారెల్ కింద ఉండే ముందు చెక్క వెనక భాగంలో ఉన్న చిన్న ఇనుప పలకలో కూర్చుంటుంది. బోల్టు తనంతట తాను వదులు కాకుండా ఆ ఏర్పాటు. ముందు చెక్క అలాగే ఉండగా నువ్వు వెనక నుంచి బోల్టు తిప్పితే ఆ నలుచదరం కొన పలకని మెలితిప్పి ముందు చెక్కని చీల్చేస్తుంది. విప్పడానికైనా అంతే, బిగించడానికైనా అంతే. నేను పెన్సిల్వేనియాలో గన్ షోలకి వెళ్ళినప్పుడల్లా వెనక భాగం చీలిన ముందు చెక్కలు కనపడుతూనే ఉంటాయి. అందులో చాలావాటి కథ ఇదే అని నా నమ్మకం.

కాబట్టి వరస ఇది. తూటా లేదని కళ్ళతో చూసి, వేలితో తడిమి రెండుసార్లు రూఢి చేసుకో. పిడి పట్టుకుని వెనక్కి లాగే బోల్ట్ (బట్ లోపలి బోల్టు కాదు) బయటికి తియ్యి, మ్యాగజైన్ (తూటాల పెట్టె) తియ్యి. తర్వాత ముక్కు దగ్గరి నోస్ క్యాప్, మధ్య బ్యాండు, ట్రిగ్గర్ గార్డు. అవి వచ్చాక ముందు చెక్క మెల్లగా కిందికి దిగుతుంది. బలవంతం వద్దు, వెనక భాగం ఇనుముకి బిగుతుగా పట్టి ఉంటుంది, రెండు చేతులతో సమంగా లాగాలి. లోపల చిన్న స్ప్రింగులు ఉంటాయి, కార్పెట్ మీద పడితే దొరకవు. కింద తెల్ల దుప్పటి పరుచుకుని చెయ్యి. ముందు చెక్క వచ్చేశాక బట్ ప్లేట్‌లోని చిన్న మూత తెరువు. మూత లేని రకం అయితే ప్లేటే విప్పాలి. లోపల ఫెల్ట్ ముక్క ఉంటే తీసేసి, పొడుగాటి స్క్రూడ్రైవర్‌తో బోల్టు బిగించు. తిరిగి ముందు చెక్క ఎక్కించేటప్పుడు ఆ నలుచదరం నిలువుగా కూర్చునేట్టు చూసుకోవాలి.

ఆ బట్ గూడులోనే సిపాయిలు నూనె సీసా, బ్యారెల్ లోపల తుడిచే పుల్‌త్రూ తాడు పెట్టుకునేవారు. కాలేజీలో ఎన్‌సీసీ చేసినవాళ్ళకి పుల్‌త్రూ, దానికి కట్టే చిండీ గుడ్డ అంటే చెప్పనక్కర్లేదు. నీ దాంట్లో ఇంకా ఉంటే పారెయ్యకు.

ఇక పనిముట్లు. పెద్ద కిట్ కొనకు. అందులో సగం ఏఆర్ అనే ఈ కాలపు రకం రైఫిళ్ళకి పనికొచ్చేవి, నీకు అక్కర్లేదు. డబ్బంతా స్క్రూడ్రైవర్ మీద పెట్టు. మామూలు స్క్రూడ్రైవర్ కొన ఏటవాలుగా ఉంటుంది, గాడి పై అంచుని మాత్రమే పట్టుకుంటుంది, జోరు చేస్తే జారి అంచుని కొరికేస్తుంది. నీ ట్రిగ్గర్ గార్డ్ స్క్రూకి జరిగింది అదే. తుపాకీ పనికి వాడేవి హాలో గ్రౌండ్ అంటారు, కొన రెండు వైపులా సమాంతరంగా ఉండి గాడి అడుగు దాకా నిండుగా కూర్చుంటుంది. బ్రౌనెల్స్ వాళ్ళ మ్యాగ్నా టిప్ బిట్లు, లేదా వీలర్ సెట్టు. గాడి వెడల్పుకీ మందానికీ సరిపోయే బిట్ నాలుగైదు చాలు. బట్ బోల్టుకి మాత్రం వేరేగా పొడుగాటిది, వెడల్పు కొనది కావాలి. హార్డ్‌వేర్ షాపులో దొరికే పొడుగు డ్రైవర్ కొని, కొనని ఆకురాయితో సమాంతరంగా చేసుకున్నా నడుస్తుంది. నేను అలాగే చేసుకున్నాను.

తర్వాత ఇత్తడి పంచ్ ఒకటి, నైలాన్ తల ఉన్న చిన్న సుత్తి, వైస్‌కి తోలు లేదా రబ్బరు దవడలు, స్క్రూలు పెట్టుకోవడానికి అయస్కాంతపు గిన్నె. 30 క్యాలిబర్ కంచు బ్రష్, పూత ఉన్న ఒకటే ముక్క క్లీనింగ్ రాడ్. బోల్ట్ బయటికి వచ్చేస్తుంది కాబట్టి వెనక వైపు నుంచే తుడుచుకోవచ్చు. మూతి వైపు నుంచి రాడ్ దూర్చి మూతి అంచు అరగదీయకు.

విడిభాగాల సంగతి. అమెరికాలో పాత తుపాకీ ముక్క కావాలంటే అందరూ మొదట చూసేది న్యూయార్క్ రాష్ట్రంలోని న్యూమ్‌రిచ్. 1950 నుంచి పాత తుపాకులు విప్పి ముక్కలు అమ్ముతున్నారు. వాళ్ళ సైట్‌లో మోడల్ పేరు కొడితే విడదీసిన బొమ్మ, ప్రతి ముక్కకీ నంబరు కనపడతాయి. కొనకపోయినా ఆ బొమ్మ ప్రింట్ తీసి గోడకి అంటించుకో, ఏ స్క్రూ ఎక్కడిదో తెలుస్తుంది. పెన్సిల్వేనియాలోనే సార్కో ఉంది, సైన్యాలు వదిలేసిన సర్‌ప్లస్ సరుకు అమ్ముతారు. ఆయోవాలో బ్రౌనెల్స్, మిస్సౌరీలో మిడ్‌వే యూఎస్ఏ ఉన్నా, వాళ్ళ దగ్గర పనిముట్లూ నూనెలూ దొరుకుతాయి గానీ ఈ రైఫిల్‌కి పాత ముక్కలు ఎక్కువ ఉండవు.

వెతికేటప్పుడు 2ఎ1 అని మాత్రమే కొడితే తక్కువే వస్తాయి. నంబర్ 1 మార్క్ 3 అని కూడా కొట్టు, పైన చెప్పిన ఎస్.ఎం.ఎల్.ఇ. మార్క్ 3కే అది ఇంకో పేరు. చెక్క ముక్కలూ స్క్రూలూ చాలావరకు అవే. కొనే ముందు 2ఎ1కి పడుతుందా అని ఫోన్ చేసి అడుగు, చెప్తారు. మ్యాగజైన్ మాత్రం అది కాదు. 303 తూటాకి అంచు ఉంటుంది, మ్యాగజైన్ కూడా వంపుగా ఉంటుంది. నీది 7.62 కోసం చేసిన చతురస్రంలాంటి పెట్టె, వేరుగా దొరకడం కష్టం. దాన్ని జాగ్రత్తగా చూసుకో.

ఆ కొరికిన స్క్రూకి బదులు హార్డ్‌వేర్ షాపు స్క్రూ ఎక్కించకు. ఎన్‌ఫీల్డ్ రైఫిళ్ళ మర చుట్లు వాటి సొంతం, బయటి వాటితో కలవవు. కాస్త పట్టినట్టే అనిపించి లోపలి చుట్లు పాడు చేస్తుంది. పాత స్క్రూనే దొరుకుతుంది, కాఫీ ఖర్చుకి అటూ ఇటూగా.

చెక్క. దయచేసి శాండ్ పేపర్ పట్టుకోకు. ఇషాపూర్ ఫ్యాక్టరీలో, తర్వాత డిపోల్లో తనిఖీ చేసినవాళ్ళు కొట్టిన ముద్రలు ఆ చెక్క మీద ఉంటాయి. ఒకసారి అరగదీస్తే అవి తిరిగి రావు. పైగా చెక్క పల్చబడి ఇనుము అంచులు పైకి తేలతాయి. కాస్మోలిన్ అనే ఆ గ్రీజు వేడికి కరుగుతుంది. మీ టెక్సస్ ఎండ దీనికి వరం. చెక్క ముక్కల్ని పేపర్ టవళ్ళలో చుట్టి, నల్ల చెత్త సంచీలో పెట్టి, మధ్యాహ్నం కారులో వదిలెయ్. సాయంత్రం విప్పి తుడిచి కొత్త కాగితం చుట్టు. కాగితం శుభ్రంగా వచ్చేదాకా అదే పని. ఓవెన్‌లో పెట్టకు. మిగిలింది మినరల్ స్పిరిట్స్ (పెయింట్ పల్చన చేసే ద్రవం) తడిపిన గుడ్డతో, గాలి ఆడే చోట.

ఆ తర్వాత అవిసె నూనె. సైన్యాల్లో వాడింది ఉడకబెట్టని పచ్చి అవిసె నూనె. ఆరడానికి రోజులు పడుతుంది, కానీ చెక్క లోపలికి ఇంకుతుంది. షాపుల్లో బాయిల్డ్ అని అమ్మేదాంట్లో త్వరగా ఆరే మందులు కలుపుతారు. నేను పచ్చిదే వాడతాను. అరచేతిలో నాలుగు చుక్కలు వేసుకుని చెయ్యి వేడెక్కేలా రుద్దాలి, మిగిలింది తుడిచెయ్యాలి, మర్నాడు మళ్ళీ. వార్నిష్, పాలియురేథేన్ వద్దు. మెరుపు వస్తుంది గానీ అది ఆ రైఫిల్‌ది కాదు.

వైజాగ్ వడ్రంగి మాట మర్చిపో. మన దగ్గర 1959 ఆయుధాల చట్టంలో ఆయుధం అనే మాటకి ఇచ్చిన అర్థంలోనే విడిభాగాలు కూడా ఉన్నాయి. లైసెన్స్ లేకుండా తయారు చేసినా, రిపేర్ చేసినా నేరమే. ఇది ఒట్టి చెక్క ముక్కే కదా అని కస్టమ్స్ ఆఫీసర్ ముందు వాదించే పరిస్థితి మీ బావమరిదికి తేకు. ఆ వడ్రంగి పాపం దేనికి చేస్తున్నాడో తెలియకుండానే ఇరుక్కుంటాడు. ఇండియా వెళ్ళేటప్పుడు బ్యాగులో ఖాళీ తూటా గొట్టం కూడా లేకుండా చూసుకో. రేంజ్‌కి తీసుకెళ్ళే బ్యాగ్‌ని ప్రయాణాలకి అస్సలు వాడకు.

చీలిన చెవి చిన్నదైతే ముక్క కొనకుండానే అతికించవచ్చు. దగ్గరగా ఫోటో పెట్టు.

మెషిన్‌షాప్_రావు జవాబు

బాబాయ్ గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. కాల్చే ఉద్దేశం ఉంటే ముందు బోల్ట్ పిడి మీద నంబరూ, రిసీవర్ (బోల్ట్ కదిలే అసలు ఇనుప భాగం) మీద నంబరూ ఒకటేనా చూడండి. ఎన్‌ఫీల్డ్‌లో బోల్ట్‌ని ఆ రైఫిల్‌కే కూర్చి అమర్చుతారు. వేరేది దూరినంత మాత్రాన సరిపోయినట్టు కాదు. నంబర్లు కలిసినా కలవకపోయినా గన్‌స్మిత్ (తుపాకులు బాగు చేసేవాడు) దగ్గర హెడ్‌స్పేస్, అంటే మూసిన బోల్ట్‌కీ లోపలి తూటాకీ మధ్య ఉండే సందు, కొలిపించండి. 303 గేజ్ దీనికి పనికిరాదు, 7.62 నాటో గేజ్ కావాలి. రైఫిల్ మీద 7.62 అని ఉంది, దానికి ఆ తూటానే. 308 వేటతూటాలు ఒకటేనని దుకాణంలో ఎవరన్నా అంటే వినకండి.

ట్రిగ్గర్ లాగుడు తేలిక చేద్దామని అరగదీయడం కూడా ఇంట్లో చేసే పని కాదు. నాకు లేత్ ఉంది, మిల్లు ఉంది, అయినా ఆ జోలికి నేను పోను.

కొత్తగా_వచ్చా అడిగింది

అన్నా, నేను హెచ్1బి మీద ఆస్టిన్‌లో ఉన్నాను. విడిభాగాలు ఇంటికే వస్తాయి కదా, అలా ఒక్కోటి కొని దాచుకోవచ్చా? గ్రీన్ కార్డ్ వచ్చాక రైఫిల్ కొంటాను.

చెక్కపని_బాబాయ్ జవాబు

వద్దు నాన్నా. 1968 చట్టం ప్రకారం ఇక్కడ రిసీవర్ ఒక్కటే తుపాకీ కింద లెక్క, అది పార్సిల్‌లో తెప్పిస్తే లైసెన్స్ డీలర్ ద్వారానే రావాలి. చెక్క, స్క్రూ, స్ప్రింగ్ లాంటివి మామూలు పార్సిల్‌లో వస్తాయి, నిజమే. కానీ హెచ్1బి లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం. వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, అవి వర్తిస్తాయో లేదో ఇమిగ్రేషన్ లాయర్‌ని అడిగి కాగితం మీద తెలుసుకోవాలి, మా మాట మీద కాదు. ఒక్క తప్పుతో ఇన్నేళ్ళ వీసా కష్టం పోతుంది. ఈలోగా ఒక పాత వడ్రంగి ఉలి పిడి కొని అవిసె నూనె పట్టించడం నేర్చుకో. చేతికి పని వస్తుంది.

కాకినాడ_టు_డాలస్

బాబాయ్ గారూ, చాలా థ్యాంక్స్. నంబర్లు రెండూ కలిశాయి, గన్‌స్మిత్ అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. ఫోటోలు పెట్టాను. చెవి దగ్గర చీలిక నిలువునా ఉంది, ముక్క ఊడలేదు. మా ఫ్రెండ్ ఒకాయన తనదీ ఇలాగే చేసిపెట్టమంటున్నాడు, డబ్బులిస్తానంటున్నాడు. చేయొచ్చా?

చెక్కపని_బాబాయ్ జవాబు

నీది నువ్వు చేసుకోవడం వేరు. డబ్బు తీసుకుని ఇతరుల తుపాకులు బాగు చేయడం వ్యాపారం అవుతుంది, దానికి ఫెడరల్ లైసెన్స్ ఉండాలి. అతన్ని మీ ఇంటికి పిలిచి పక్కన కూర్చోబెట్టి అతని చేత్తోనే చేయించు.

ఫోటో చూశాను. కొత్తది కొనక్కర్లేదు. ముందు ఆ చోట గ్రీజు పూర్తిగా వదలాలి, లేకపోతే ఏ జిగురూ పట్టదు. ఎండలో పెట్టాక అసిటోన్ తడిపిన పాత టూత్‌బ్రష్‌తో చీలిక లోపల రుద్దు. ఆరాక నిదానంగా గట్టిపడే ఎపాక్సీని పల్చటి బ్లేడుతో లోపలికి తోసి, సైకిల్ ట్యూబ్ ముక్కతో చుట్టి ఒక రోజంతా వదిలెయ్. ఇనుప క్లాంప్ వెయ్యకు, చెవి అంత ఒత్తిడికి ఆగదు. నూనె మాత్రం అతికాకే, ముందు పట్టిస్తే అతకదు.

నూనె రుద్దిన గుడ్డలు ఉండచుట్టి గ్యారేజ్‌లో పడెయ్యకు. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, కుప్పగా ఉన్న గుడ్డలకి దానంతట అదే నిప్పంటుకుంటుంది. బయట కంచె మీద విడివిడిగా ఆరేసి, గట్టిపడ్డాక పారెయ్. లేదా నీళ్ళు పోసిన మూత డబ్బాలో వెయ్యి.