వారం వారం కడిగినా అక్వేరియం నీళ్లు పచ్చబడుతున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న:
మాది రెండడుగుల ట్యాంకు, నాలుగు గోల్డ్‌ఫిష్‌లు. బాల్కనీ తలుపు పక్కన పెట్టాం. నెల రోజులుగా నీళ్లు పాలకూర ఉడికించినట్టు అయిపోతున్నాయి, వెనక తిరిగే చేప కనపడట్లేదు. ప్రతి ఆదివారం చేపల్ని బకెట్లోకి తీసి, నీళ్లన్నీ పారబోసి, రాళ్లు, ఫిల్టర్ స్పాంజి పంపు కింద రుద్ది కడుగుతున్నాను. బుధవారానికల్లా మళ్లీ అదే రంగు! పక్కింటి ఆంటీ పటిక తిప్పమన్నారు. షాపులో నీలం మందు ఇచ్చారు, వేశాను, ఏమీ తగ్గలేదు. నిన్నటి నుంచి ఒక చేప పైకొచ్చి నోరు తెరుస్తోంది. టెన్షన్‌గా ఉందండి.

జవాబు:
ముందు చేప సంగతి చూడండి. ఎయిర్ పంపు రాత్రీ పగలూ ఆన్‌లో ఉంచండి. ఇవాళే మూడో వంతు నీళ్లు మార్చండి. మున్సిపాలిటీ నీళ్లైతే క్లోరిన్ పోగొట్టే చుక్కలు వేశాకే పోయాలి.

గాజు గ్లాసులో ఆ నీళ్లు పట్టి తెల్ల కాగితం ముందు పెట్టి చూడండి. పచ్చగా ఉంటే నీళ్లలో తేలే నాచు. పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే బ్యాక్టీరియా, దాని కథ వేరు. మీది నాచేలా ఉంది. ఈ నాచు ఒక్కో కణంగా ఉంటుంది, మామూలు స్పాంజిలో ఆగదు. రాళ్లకీ గాజుకీ అంటుకుని కొంచెం మిగిలినా చాలు, ఎండ తగిలితే రోజుల్లోనే మళ్లీ పెరుగుతుంది.

అసలు పొరపాటు స్పాంజి కడగడంలో ఉంది. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాని తినే బ్యాక్టీరియా అందులోనే ఉంటుంది. పంపు నీళ్లలోని క్లోరిన్‌తో అది చస్తుంది. మిగిలిన అమ్మోనియా చేపకి విషం, నాచుకి ఎరువు. ఇకపై ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే స్పాంజిని రెండుసార్లు పిండండి, చాలు.

పటిక వద్దు, నీళ్ల పీహెచ్ పడిపోతుంది. నీలం మందు మెథిలీన్ బ్లూ అయితే అది ఫంగస్‌కి, నాచుకి కాదు. పైగా ఫిల్టర్‌ బ్యాక్టీరియాని కూడా దెబ్బతీస్తుంది.

మరొకరు:
ఇంత ఎందుకండీ, నాలుగు రోజులు దుప్పటి కప్పేస్తే పోతుంది. నేను అలాగే చేశా.

మొదటి జవాబు ఇచ్చినవారు:
కప్పొచ్చు, కానీ ఇప్పుడే కాదు. ప్రస్తుతం వాళ్ల ట్యాంకులో అమ్మోనియాని లాగేస్తున్నది ఆ నాచే. ఫిల్టర్ కుదురుకోకముందే దాన్ని చంపితే చేపలకి ప్రమాదం. ముందు అమ్మోనియా టెస్ట్ కిట్ తెచ్చుకోండి. రీడింగ్ సున్నాకి వచ్చేదాకా రోజు విడిచి రోజు మూడో వంతు నీళ్లు మారుస్తూ ఉండండి. నెల పైనే పట్టొచ్చు. ఈలోగా ట్యాంకుని ఎండ తగలని గోడ వైపు జరపండి. లైటు రోజుకి ఆరేడు గంటలు చాలు. మేత రెండు నిమిషాల్లో తినేసేంతే వేయండి.

ఇంకో మాట, రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు అంటే అంచుదాకా నింపినా 56 లీటర్లే. పెరిగే గోల్డ్‌ఫిష్ నాలుగింటికి అది ఇరుకు. రెండింటిని ఎవరికైనా ఇచ్చేస్తే మంచిది.

ఇంకొకరు:
మాది భీమవరం వైపు. చెరువులో నీళ్లు పచ్చబడాలని పేడ, సూపర్ ఫాస్ఫేట్ వేస్తాం మేము, మీరేమో పోగొట్టుకోవాలని చూస్తున్నారు! ఖర్చుకి వెనకాడకపోతే యూవీ లైటున్న ఫిల్టర్ పెట్టండి, నీళ్లు దాన్లోంచి వెళ్లేటప్పుడు నాచు చస్తుంది.

అడిగినవారు, అయిదు వారాల తర్వాత:
అమ్మోనియా సున్నా చూపించింది. రెండు చేపల్ని మా చెల్లి వాళ్ల పెద్ద ట్యాంకులో వేశాం. నాలుగు రోజులు దుప్పటి కప్పి ఇవాళ తీశాను. పచ్చదనం పోయింది, కానీ నీళ్లు కాస్త తెల్లగా ఉన్నాయి. మేత వేయలేదు, పర్వాలేదా? మనీ ప్లాంట్ పెడితే మంచిదని విన్నాను.

మొదటి జవాబు ఇచ్చినవారు:
పెద్ద చేపలు నాలుగు రోజులు ఆకలికి తట్టుకుంటాయి. ఆ తెలుపు చచ్చిన నాచే అయ్యుంటుంది. ఇవాళ సగం, ఎల్లుండి ఇంకో మూడో వంతు నీళ్లు మార్చండి. రెండు రోజులూ అమ్మోనియా చూడండి, ఎయిర్ పంపు ఆపకండి. మనీ ప్లాంట్ వేళ్లు మాత్రమే నీళ్లలో ఉండాలి. ఆకులు మునిగితే కుళ్లుతాయి, అందితే గోల్డ్‌ఫిష్ కొరికేస్తాయి కూడా.