ఫోర్ స్ట్రోక్: ఘాతమా, పోటా, దరువా?

అడిగినవారు: ఎనిమిదో తరగతి పిల్లల కోసం కారు ఇంజన్ గురించి చిన్న వ్యాసం రాస్తున్నాను. ‘ఫోర్ స్ట్రోక్’ దగ్గర కలం ఆగింది. స్ట్రోక్ అంటే దెబ్బ అనుకుని ‘చతుర్ఘాత యంత్రం’ అంటే ఏదో పురాణంలో అస్త్రం పేరులా ఉంది. పైగా పిల్లలకి ఘాతం అనగానే లెక్కల్లో ఘాతాంకాలు గుర్తొస్తాయి. మంచి మాటేదైనా ఉందా? అసలు అందులో ఎవరు ఎవరిని కొడుతున్నారో కూడా చెప్పి పుణ్యం కట్టుకోండి.

మెకానికల్ సభ్యుడు: కొట్టడం ఏమీ లేదండీ. సిలిండర్ అనే గొట్టంలో పైకీ కిందికీ ఆడే దిమ్మె పిస్టన్. అది ఈ కొస నుంచి ఆ కొసకి ఒకసారి వెళ్తే ఒక స్ట్రోక్. పైకైనా సరే, కిందికైనా సరే. ఇలా నాలుగుసార్లు వెళ్తే ఒక వరస పూర్తవుతుంది.

మొదట ఇన్‌లెట్ వాల్వ్ తెరుచుకుంటుంది, పిస్టన్ కిందికి దిగుతూ గాలినీ పెట్రోలునీ లోపలికి తీసుకుంటుంది. తర్వాత రెండు వాల్వులూ మూసుకుంటాయి, పిస్టన్ పైకొచ్చి ఆ మిశ్రమాన్ని ఇంచుమించు పదో వంతుకి నొక్కేస్తుంది. మూడోసారి ప్లగ్ నిప్పురవ్వ వేస్తుంది, మండిన గ్యాస్ పిస్టన్‌ని కిందికి తోస్తుంది. నాలుగోసారి ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకుంటే పిస్టన్ పైకొస్తూ ఆ పొగని బయటికి గెంటేస్తుంది.

సంపాదించేది మూడోదొక్కటే. మిగతా మూడూ దాని సంపాదన మీద బతికేవే. ఆ మూడూ గడవడానికి కావలసిన ఊపుని ఫ్లైవీల్ అనే బరువైన చక్రం దాచి ఇస్తుంది. కాబట్టి ‘నాలుగు దెబ్బలు’ అంటే అబద్ధం చెప్పినట్టే.

ఇంకో సభ్యురాలు: నాలుగు సిలిండర్లుంటాయి కాబట్టి ఫోర్ స్ట్రోక్ అంటారని ఇన్నాళ్లూ అనుకున్నానే!

మెకానికల్ సభ్యుడు: చాలామంది అలాగే అనుకుంటారు. మూడు సిలిండర్ల కార్లు కూడా ఫోర్ స్ట్రోకే. ఒక్క సిలిండర్ ఉన్నా అంతే. నాలుగు సిలిండర్లుంటే ఒక సౌకర్యం ఉంది: ఒకటి పీల్చుకుంటూ ఉంటే ఇంకొకటి నొక్కుతుంది, మరొకటి తోస్తుంది, నాలుగోది పొగ వదులుతుంది. ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు సంపాదిస్తూనే ఉంటారు. ఇలాంటి ఎక్కువ ఇంజన్లలో సిలిండర్ల వంతులు 1-3-4-2 వరసలో వస్తాయి.

తెలుగు మాస్టారు: మనకి ‘పోటు’ ఉంది కదా! రోట్లో తలదూర్చి రోకటిపోటుకు వెరవడమెందుకన్న సామెత అందరికీ తెలిసిందే. గొట్టంలో పిస్టన్, రోట్లో రోకలి. ఆటుపోట్లలో రాకపోకలూ ఉన్నాయి. ‘నాలుగు పోట్ల ఇంజన్’. ఎలా ఉంది?

మెకానికల్ సభ్యుడు: చెవికి బాగుంది మాస్టారూ, పనికి కుదరదు. రోకలి కిందికి పడితేనే పోటు, పైకెత్తడం పోటు కాదు. ఇక్కడ పైకెత్తడం కూడా లెక్కే. ఇంకో చిక్కు: స్ట్రోక్ అంటే పిస్టన్ నడిచే దూరం కూడా. సిలిండర్ వ్యాసం 75 మి.మీ., స్ట్రోక్ 75 మి.మీ. అయితే ఒక సిలిండర్‌కి దాదాపు 331 సీసీ వస్తుంది, మూడింటికి 994. అదే ‘పోటు 75 మి.మీ.’ అని రాస్తే పోస్ట్‌మార్టం రిపోర్ట్ అనుకుంటారు!

అడిగినవారు: సరే, స్ట్రోక్‌ని స్ట్రోక్‌గానే ఉంచుతాను. నాలుగింటికి పేర్లు మాత్రం తెలుగులో పెడతాను. పీల్పు, నొక్కుడు, పేలుడు, వదులు. బాగున్నాయా?

మెకానికల్ సభ్యుడు: ‘పేలుడు’ మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. లోపల జరిగేది మండటం. ప్లగ్ దగ్గర మొదలైన మంట సిలిండరంతా పాకుతుంది, దానికి కొంత సమయం పడుతుంది. అందుకే పిస్టన్ పూర్తిగా పైకి చేరకముందే రవ్వ వేస్తారు. నిమిషానికి 3000 చుట్లు తిరిగే ఇంజన్‌లో, చుట్టుకి రెండు స్ట్రోకులు కాబట్టి, ఒక్కో స్ట్రోక్‌కి సెకనులో నూరో వంతే దొరుకుతుంది, ఆలస్యం చేస్తే కుదరదు. మంట చేరకముందే మిగిలిన మిశ్రమం తనంతట తానే ఒక్కసారిగా అంటుకుంటే అదీ పేలుడంటే. టకటకా చప్పుడొస్తుంది, మెకానిక్కులు నాకింగ్ అంటారు. అది ఎక్కువైతే పిస్టన్ పాడవుతుంది. జబ్బు పేరు తెచ్చి ఆరోగ్యానికి పెడితే ఎలా? ‘తోపు’ అనండి.

ఇంకో సభ్యురాలు: ‘తోపు’ అంటే పిల్లలు వేరేలా తీసుకుంటారండీ. ‘వాడు తోపు’ అంటారు కదా!

మెకానికల్ సభ్యుడు: తీసుకోనివ్వండి. నాలుగింటిలో అదే తోపు.

తెలుగు మాస్టారు: పోటు పోయింది సరే, ఇంకొక్కటి చెప్పి ఊరుకుంటాను. ఈ పద్ధతిని 1862లో కాగితం మీద వివరించింది ఫ్రాన్స్‌కి చెందిన బో ద రోషా. 1876లో జర్మనీలో ఇంజన్‌గా నడిపి చూపించింది నికొలాస్ ఒట్టో. ఆ పాత కాగితం బయటపడ్డాకే ఒట్టో పేటెంట్ 1886లో చెల్లకుండా పోయింది. ఈ ఇద్దరి భాషల్లోనూ ఇది దెబ్బ కాదు. జర్మన్‌లో ‘ఫీర్‌టాక్ట్’ అంటారు, టాక్ట్ అంటే సంగీతంలో తాళం. ఫ్రెంచ్‌లో ‘కాత్ర్ తాఁ’, తాఁ అంటే కాలం, తాళంలో పడే ఒక్కో వేటు కూడా. దెబ్బ మాట ఇంగ్లీషు దారిలో వచ్చింది, మనం ఆ దారినే ఘాతం దాకా వెళ్లాం. ‘దరువు’ అంటే ఎలా ఉంటుంది? నాలుగు దరువుల ఇంజన్.

మెకానికల్ సభ్యుడు: దీనికి నేను అడ్డు చెప్పలేను. పైకైనా కిందికైనా దరువు దరువే. పిస్టన్ ఆటని తిరుగుడుగా మార్చే ఇరుసు క్రాంక్, అది రెండు చుట్లు తిరిగేసరికి నాలుగు దరువులు. వాల్వుల్ని తెరిచే క్యామ్‌షాఫ్ట్ ఆ తాళం తప్పకుండా క్రాంక్‌లో సగం వేగంతో తిరగాలి, ఎందుకంటే ఒక్కో వాల్వూ నాలుగు దరువులకి ఒక్కసారే తెరుచుకోవాలి. ఆ రెండింటినీ కలిపే టైమింగ్ బెల్ట్ తెగితే తాళం తప్పుతుంది. కొన్ని ఇంజన్లలో తెరిచి ఉన్న వాల్వుని పిస్టన్ వచ్చి గుద్దేస్తుంది కూడా. మీరడిగిన దెబ్బ అక్కడ దొరుకుతుందండీ. దూరానికి మాత్రం స్ట్రోక్ అనే రాయండి, ‘దరువు 75 మి.మీ.’ అనకండి.

అడిగినవారు: శీర్షికలో ‘ఫోర్ స్ట్రోక్’, లోపల ‘నాలుగు దరువులు’. పీల్పు, నొక్కుడు, తోపు, వదులు. రేపు పంపేస్తున్నాను, ఇంక ఎవరూ కొత్త మాట చెప్పకండి!