లైనక్స్ వాడటం వచ్చు కానీ లోపల ఏం జరుగుతుందో తెలీదు, ఇక్కడి నుంచి ముందుకెళ్ళాలంటే ఏం చదవాలి?

రాత్రిబండి:
అందరికీ నమస్తే. రెండేళ్ళ నుంచి ఉబుంటు (లైనక్స్‌లో ఒక రకం) వాడుతున్నా. ఇన్‌స్టాల్ చేయడం, అప్‌డేట్ చేయడం, ఫోల్డర్లలో తిరగడం ఇవన్నీ అలవాటయ్యాయి, కానీ ఏదన్నా తేడా వస్తే మాత్రం నెట్‌లో వెతికి ఎవరో పెట్టిన కమాండ్ పేస్ట్ చేయడమే. పోయిన వారం హోమ్ ఫోల్డర్‌లో ఒక ఫైల్ సేవ్ చేయబోతే పర్మిషన్ డినైడ్ అంది, ఎక్కడో చూసి హోమ్ మొత్తానికి సుడో (అడ్మిన్ హక్కులతో నడపడం) పెట్టి సీహెచ్‌మోడ్ (పర్మిషన్లు మార్చే కమాండ్) 777 కొట్టేశా. ఫైల్ సేవ్ అయింది కానీ అప్పటి నుంచి ఎస్‌ఎస్‌హెచ్ (వేరే మెషీన్‌లోకి లాగిన్ అయ్యేది) నా కీ (పాస్‌వర్డ్ బదులు వాడే ఫైల్) తీసుకోవట్లేదు. ఒకటి బాగుచేయబోయి ఇంకోటి పాడుచేసుకున్నా, రెండూ ఎందుకు జరిగాయో తెలీదు. ఇలా కాకుండా సరిగ్గా నేర్చుకోవాలని ఉంది. బిగినర్ వీడియోలు చాలా చూశా, అన్నీ ఎల్‌ఎస్, సీడీ లాంటి మొదటి కమాండ్ల దగ్గరే ఆగిపోతాయి. తర్వాతి మెట్టుకి మంచి పుస్తకాలు, కోర్సులు ఉంటే చెప్పండి.

పాతకీబోర్డు:
తమ్ముడూ, ముందు ఆ కీ సంగతి చూద్దాం, ఎందుకంటే నీకు కావాల్సిన పాఠం అందులోనే ఉంది. 777 అంటే ఓనర్, గ్రూప్, మిగతా అందరూ చదవొచ్చు, రాయొచ్చు, రన్ చేయొచ్చు అని. నీ ప్రైవేట్ కీ ఎవరైనా చదివేలా ఉంటే ఎస్‌ఎస్‌హెచ్ దాన్ని పక్కన పెట్టేస్తుంది, కావాలనే అలా రాశారు. ఈ మాట మ్యాన్ ఎస్‌ఎస్‌హెచ్ (మ్యాన్ అంటే కమాండ్ల మాన్యువల్ చూపించేది) అని కొడితే కింద ఫైల్స్ అనే భాగంలో స్పష్టంగా ఉంటుంది. ఇప్పుడు సుడో లేకుండా హోమ్ మొత్తానికి సీహెచ్‌మోడ్ హైఫన్ పెద్ద ఆర్, జీఓ హైఫన్ డబ్ల్యూ ఇవ్వు, బయటివాళ్ళకి రాసే హక్కు పోతుంది. తర్వాత డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌కి 700, ప్రైవేట్ కీకి 600, అంటే నీకు తప్ప ఇంకెవరికీ హక్కు లేకుండా.

చదవడానికైతే విలియం షాట్స్ రాసిన ది లైనక్స్ కమాండ్ లైన్. పీడీఎఫ్ ఆయన సైట్‌లోనే ఫ్రీగా దొరుకుతుంది. పర్మిషన్స్ చాప్టర్‌తో మొదలుపెట్టు, వరసగా చదవాలని రూలేం లేదు. దాంతోపాటు మ్యాన్ పేజీలు చదవడం అలవాటు చేసుకో, చాలామంది వాటికి నంబర్లు ఎందుకున్నాయో కూడా చూడరు. 1 అంటే కమాండ్లు, 5 అంటే ఫైల్ ఫార్మాట్లు, 8 అంటే అడ్మిన్ పనులు. క్రాన్‌టాబ్ అనేది చెప్పిన టైమ్‌కి పనులు నడిపించడానికి, మ్యాన్ క్రాన్‌టాబ్ అంటే కమాండ్ గురించి వస్తుంది, మ్యాన్ 5 క్రాన్‌టాబ్ అంటే ఆ ఫైల్‌లో టైమ్ ఎలా రాయాలో వస్తుంది, మనకి ఎక్కువసార్లు కావాల్సింది ఆ రెండోదే. కమాండ్ పేరు గుర్తు లేకపోతే మ్యాన్ హైఫన్ కె పెట్టి ఒక పదం ఇవ్వు.

ఇంకోటి, మళ్ళీ పర్మిషన్ డినైడ్ వస్తే నేమ్‌ఐ అనే కమాండ్‌కి హైఫన్ ఎల్ పెట్టి పూర్తి పాత్ ఇచ్చి చూడు. రూట్ (అన్నిటికంటే పై ఫోల్డర్) నుంచి ఆ ఫైల్ దాకా దారిలో ఉన్న ప్రతి ఫోల్డర్ ఎవరిది, ఏ పర్మిషన్ ఉంది అన్నీ ఒక్కచోట చూపిస్తుంది. తప్పు ఎక్కడుందో కళ్ళతో చూశాక 777 అవసరమే రాదు.

గవ్వలాట:
పుస్తకం మంచిదే కానీ నాకైతే చదివింది వారంలో మర్చిపోవడమే, చేతులతో చేస్తేనే నిలిచింది. ఓవర్‌ద వైర్ అనే సైట్ వాళ్ళ బ్యాండిట్ ఆట ఆడండి, ఫ్రీ. ఎస్‌ఎస్‌హెచ్‌తో వాళ్ళ సర్వర్‌లోకి వెళ్తారు, ఎక్కడో దాచిన పాస్‌వర్డ్ పట్టుకుంటే దాంతో తర్వాతి లెవెల్‌కి పోతారు. ఫైండ్ (ఫైళ్ళు వెతకడం), గ్రెప్ (ఫైళ్ళలో పదాలు వెతకడం), పైపులు (ఒక కమాండ్ ఫలితం ఇంకోదానికి ఇవ్వడం), పర్మిషన్స్ అన్నీ అవసరం పడి నేర్చుకుంటారు. సమాధానాలు నెట్‌లో ఉంటాయి, దయచేసి చూడొద్దు, ఒక లెవెల్ దగ్గర రెండు రోజులు ఇరుక్కున్నా పర్లేదు. దానికి పక్కనే ఎంఐటీ వాళ్ళ మిస్సింగ్ సెమిస్టర్ వీడియోలు పెట్టుకోండి, షెల్ (కమాండ్లు తీసుకునే ప్రోగ్రామ్), ఎడిటర్, గిట్ (ఫైళ్ళలో మార్పుల చరిత్ర దాచేది) బాగా చెప్పారు.

తర్వాత ఒక వర్చువల్ మెషీన్‌లో (మీ కంప్యూటర్ లోపల నడిచే ఇంకో కంప్యూటర్) ఆర్చ్ అనే లైనక్స్ ఇన్‌స్టాల్ చేయండి, వాళ్ళ వికీ చూస్తూ. స్నాప్‌షాట్ (అప్పటి స్థితికి కాపీ) తీసుకుని కావాలనే పాడుచేయండి, బూట్‌లోడర్ (సిస్టమ్‌ని మొదలుపెట్టేది) తీసేయండి, ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (ఏ డిస్క్ ఎక్కడ తగిలించాలో రాసే ఫైల్) తప్పు రాయండి, బాగుచేయండి, కుదరకపోతే స్నాప్‌షాట్‌కి వెనక్కి వెళ్ళండి. ఆర్చ్ వికీ ఉబుంటు వాడేవాళ్ళకి కూడా చాలా వరకు పనికొస్తుంది. లైనక్స్ ఫ్రమ్ స్క్రాచ్ (సిస్టమ్ మొత్తం మీరే కట్టుకునే పుస్తకం) మాత్రం ఇప్పుడే వద్దు, అర్థం కాకుండా కాపీ కొట్టుకుంటూ పోతారు, మళ్ళీ మీ పాత సమస్యే.

లోతుబావి:
పై ఇద్దరూ చెప్పింది కమాండ్ల దాకా. నాకు అసలు కళ్ళు తెరిపించింది ఒక డిస్క్ ఫుల్ సమస్య. డీఎఫ్ (డిస్క్ ఎంత నిండిందో చెప్పే కమాండ్) కొడితే నిండిపోయింది అంటుంది, డీయూతో (ఫైళ్ళ సైజులు కూడే కమాండ్) లెక్కపెడితే సగం కూడా లేదు, ఒక రోజంతా జుట్టు పీక్కున్నా. చివరికి తేలిందేంటంటే పెద్ద లాగ్ ఫైల్‌ని ఎవరో డిలీట్ చేశారు, కానీ ఒక ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) దాన్ని ఇంకా తెరిచే పెట్టుకుంది. పేరు పోయింది కాబట్టి డీయూకి కనపడదు, డేటా మాత్రం డిస్క్ మీదే ఉంది, ఆ ప్రాసెస్ వదిలేదాకా ఉంటుంది. ఎల్‌ఎస్ఓఎఫ్‌లో (తెరిచి ఉన్న ఫైళ్ళు చూపించే కమాండ్) డిలీటెడ్ అని కనిపించింది, సర్వీస్ రీస్టార్ట్ చేస్తే ఖాళీ అయింది. ఫైల్ పేరు వేరు, ఐనోడ్ (డిస్క్ మీద ఆ ఫైల్ వివరాలు ఉండేది) వేరు అని అప్పుడు అర్థమైంది.

అలాంటి వాటికి ఆపరేటింగ్ సిస్టమ్స్: త్రీ ఈజీ పీసెస్ అనే పుస్తకం చదవండి, చాప్టర్లన్నీ ఫ్రీ. అందులో పర్సిస్టెన్స్ అనే మూడో భాగం ఫైల్ సిస్టమ్స్ గురించే. చదువుతూ స్ట్రేస్ (ప్రోగ్రామ్ సిస్టమ్‌ని ఏమడుగుతుందో చూపించే కమాండ్) వాడండి, ఏదైనా ప్రోగ్రామ్ ఏ కాన్ఫిగ్ ఫైల్ కోసం వెతుకుతుందో, ఎక్కడ దొరకలేదో వరసగా కనిపిస్తుంది.

రాత్రిబండి:
అందరికీ చాలా థాంక్స్. పాతకీబోర్డు అన్నా, ఎస్‌ఎస్‌హెచ్ పనిచేస్తోంది! పైగా మీరు సుడో లేకుండా కొట్టమన్నారు కదా, అన్నీ మారాయి గానీ ఒక్క ఫైల్ దగ్గర ఆపరేషన్ నాట్ పర్మిటెడ్ అంది. ఎల్‌ఎస్ హైఫన్ ఎల్‌తో చూస్తే దాని ఓనర్ రూట్ (అడ్మిన్ యూజర్). మొదట్లో సేవ్ కానిది అదే ఫైల్! ఎప్పుడో ఎడిటర్‌ని సుడోతో తెరిచి కొత్తగా సేవ్ చేశా, అప్పుడే అలా అయ్యుంటుంది. అంటే ఆ ఒక్కదానికి సీహెచ్‌ఓన్ (ఓనర్‌ని మార్చే కమాండ్) చేస్తే సరిపోయేది. కాపీ చేసుకుని పాతది తీసేశా, కానీ ఇక్కడే ఇంకో డౌట్, సుడో లేకుండానే డిలీట్ అయింది. రూట్ ఫైల్‌ని నేనెలా తీసేయగలిగా?

లోతుబావి:
ఫైల్ తీసేయడం అంటే ఫోల్డర్‌లో రాసున్న దాని పేరు చెరిపేయడం, కాబట్టి చూసేది ఫోల్డర్ మీద రాసే హక్కు, ఫైల్ ఎవరిదన్నది కాదు. ఫోల్డర్ మీది, అందుకే పోయింది. మరి అందరూ రాయగలిగే టెంప్ ఫోల్డర్‌లో ఒకరి ఫైల్ ఇంకొకరు ఎందుకు తీసేయలేరు అంటారా, దానికి ఎల్‌ఎస్ హైఫన్ ఎల్‌డి కొట్టి పర్మిషన్స్ చివర్లో ఉన్న టి అక్షరం చూడండి, తర్వాత మ్యాన్ సీహెచ్‌మోడ్‌లో స్టికీ అని వెతకండి.