కచేరీలో కెమెరాలకు హద్దు: మొదటి రెండు కీర్తనలతో సరిపెట్టమనడం న్యాయమేనా?

నిర్వాహక సంఘ సభ్యుడు, విజయనగరం
వచ్చే నెల ఆనంద గజపతి ఆడిటోరియంలో మా సంఘం గాత్ర కచేరీ పెడుతోంది. పోయినసారి తోడి రాగం ఆలాపన నడుస్తుండగా వేదిక ముందు కెమెరాలవాళ్లు గోడ కట్టినట్టు నిలబడ్డారు. ముందు వరుసల్లోని పెద్దలకు మృదంగ విద్వాంసుడి చేతులే కనబడలేదు. అందుకే ఈసారి పత్రికలవారైనా, మా స్వచ్ఛంద ఫొటోగ్రాఫర్లైనా మొదటి రెండు కీర్తనల వరకే వేదిక ముందుండాలని, ఫ్లాష్ వాడకూడదని ప్రతిపాదించాను. రాక్ కచేరీల్లో ‘మొదటి మూడు పాటలు’ అన్న కట్టుబాటు ఎప్పటినుంచో ఉన్నదే. మీరేమంటారు?

పత్రికా ఫొటోగ్రాఫర్
మాస్టారూ, ఆ కట్టుబాటు మన కచేరీకి అతకదు. అక్కడ మొదటి పాటకే వేదిక ఊగిపోతుంది. ఇక్కడ కచేరీ మొదట్లో వర్ణం పాడేటప్పుడు గొంతు ఇంకా కుదురుకుంటూ ఉంటుంది. ఫొటోకు ప్రాణం మృదంగంలాంటి లయవాద్యాలు మాత్రమే మోగే తని ఆవర్తనంలో ఉంది. అది వచ్చేసరికి మమ్మల్ని బయటికి పంపేస్తే పేజీలో మైకు ముందు కూర్చున్న మనిషి తప్ప ఏముంటుంది? పైగా అడ్డం పడేది మేమే అన్నట్టు రాశారు. జిల్లా పేజీ మూసేలోగా ఫొటో పంపాలి కాబట్టి మేము ఎక్కువసేపు ఉండనే ఉండము. రాగం మధ్యలో ముఖ్య అతిథి రాగానే కచేరీ ఆపి, శాలువా కప్పుతూ మమ్మల్ని సైగ చేసి ముందుకు పిలిచేది ఎవరు? నిర్వాహకులే కదా!

స్వచ్ఛంద ఫొటోగ్రాఫర్, శ్రీకాకుళం
సన్మానం విషయంలో అన్నగారితో ఏకీభవిస్తాను. కానీ ‘మేము కాదు’ అంటే ఆ వేలు మా వైపు తిరుగుతుంది. మేము పైసా తీసుకోకుండా చివరి మంగళం దాకా ఉంటాము. నా కెమెరాలో చప్పుడు లేని షట్టర్ ఉంది. అయితే ఎల్‌ఈడీ దీపాల కింద దానితో తీస్తే ఫొటో మీద చారలు పడే ప్రమాదం ఉంది. అందుకే కచేరీకి ముందే దీపాలు వేయించి పరీక్షించుకునే వీలు ఇవ్వాలి.

అసలు బాధ వేరు. మా ఫొటోలు మరునాడు పత్రికల్లో, సంఘం కరపత్రాల్లో పేరు లేకుండా వస్తున్నాయి. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోపై వేరే ఒప్పందం లేకపోతే తీయించుకున్నవారికే హక్కు. ఉచితంగా తీసిన దానిపై హక్కు తీసినవారిదే. సేవ చేశామంటే హక్కు వదులుకున్నామని కాదు.

వయొలిన్ విద్యార్థిని
వేదిక మీద కూర్చునేవాళ్ల మాట కూడా వినండి. 1919లో మొదలై, ద్వారం వెంకటస్వామి నాయుడుగారు వయొలిన్ నేర్పిన సంగీత కళాశాల ఉన్న ఊరు మనది. ఇక్కడైనా ముందు సంగీతం సాగనివ్వాలి. ఒక కచేరీలో ఎవరో కెమెరా సంచీ తెచ్చి నా ముందున్న మానిటర్ స్పీకర్‌కు ఆనించి వెళ్లారు. గాయని గొంతు నాకు సరిగా వినిపించలేదు. ఒకే పంక్తిని రకరకాలుగా పాడే నెరవులో ఆవిడ వదిలిన చోట అందుకోలేకపోయాను. ఫ్లాష్ ఆపినా, ఫోకస్ కోసం కెమెరా వేసే చిన్న దీపం నేరుగా కళ్లలో పడుతుంది. దాన్ని కూడా ఆపమని పాస్ మీదే ముద్రించండి.

న్యాయవాది, విజయనగరం
ఫొటోనూ వీడియోనూ ఒకే గాటన కట్టకండి. కదిలే దృశ్యం తీస్తే అదే చట్టంలోని 38వ సెక్షన్ కింద కళాకారుల హక్కు వస్తుంది. వార్త కోసం చిన్న భాగానికి మినహాయింపు ఉంది. కచేరీ మొత్తం తీసి యూట్యూబ్‌లో పెట్టాలంటే మాత్రం గాయనితో పాటు పక్కవాద్యాలవారి అనుమతి కూడా ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

నిర్వాహక సంఘ సభ్యుడు
సన్మానం కచేరీకి ముందే ముగించాలని సంఘంలో పట్టుబడతాను. రెండు కీర్తనల తర్వాత వేదిక ముందు ఎవరూ ఉండకూడదన్న మాటపై మాత్రం వెనక్కి తగ్గను. తని ఆవర్తనానికి పక్క నడవ తెరుస్తాము, కూర్చుని తీయాలి. స్వచ్ఛంద ఫొటోగ్రాఫర్లను ఇద్దరికే పరిమితం చేసి, ఫొటో ఎక్కడ వేసినా వారి పేరు వేస్తాము.

పత్రికా ఫొటోగ్రాఫర్
పక్క నడవ ఏ వైపు? గాయని ఎడమ వైపు తెరిస్తే వయొలిన్ అడ్డం వస్తుంది, మృదంగం కనబడదు. కుడి వైపైతే మృదంగ విద్వాంసుడి వీపే దక్కుతుంది. హాలు మధ్య నడవలో నేల మీద కూర్చునేందుకు ఒక్కరికి చోటివ్వండి, వంతులవారీగా తీసుకుంటాము.