సైటు పర్లాకిమిడిలో, ఆఫీసు శ్రీకాకుళంలో: ప్రాంతీయ ఆర్కిటెక్చర్ అవార్డుకి ఎలా పంపాలి? (ఆన్‌లైన్ చర్చ; ముందున్నవి రాసినవాళ్ళ మారుపేర్లు)

గళ్ళకాగితం:
ఒడిశాలోని పర్లాకిమిడిలో 140 చదరపు మీటర్ల ఇల్లు. మాంకడ రాతి గోడలు (మనం లేటరైట్ అనేదే), మంగుళూరు పెంకు, మధ్యలో మండువా (పైకప్పు లేని లోపలి వాకిలి). ముఖం ఉత్తరానికి. అడిగినవి: రెండు ఏ1 బోర్డులు, 20 ఎంబీ లోపు పీడీఎఫ్, 150 పదాల వివరణ. ఎక్కడా ఆర్కిటెక్టు పేరు కనపడకూడదు. గడువు నవంబరు ఆఖరుకి, అంటే ఆరు వారాలు. ఒడిశా కింద వెయ్యాలా, ఆంధ్ర కిందా? బోర్డుల మీద ఏముండాలి? ఫొటోలు ఇంకా తియ్యలేదు.

మహేంద్రతనయ ఒడ్డు:
ముందు నిబంధనల్లో "ప్రాంతం" అన్న మాటకి అర్థం ఏమిచ్చారో చూడండి. కొన్నిటికి సైటు ఎక్కడుందన్నది లెక్క, కొన్నిటికి ఆర్కిటెక్టు ఆఫీసు చిరునామా. స్పష్టంగా లేకపోతే నిర్వాహకులకి ఈమెయిల్ పెట్టి, వచ్చిన జవాబు దాచుకోండి. ఫోనులో చెప్పిన మాట తర్వాత అక్కరకి రాదు.

కాగితాల్లో ఊరి పేరు ఒక్కలాగే ఉండాలి. మనం పర్లాకిమిడి అంటాం, ఒడిశా సర్కారు కాగితాల్లో పరలాఖెముండి. అప్రూవ్డ్ ప్లాన్‌లో ఏ స్పెల్లింగుందో ఫారంలోనూ అదే. కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ రిజిస్ట్రేషన్ రెన్యువల్ అయి ఉందో లేదో ఇవాళే చూసుకోండి. ఇల్లు ఇద్దరి పేరు మీద ఉంటే యజమానుల అనుమతి పత్రం మీద ఇద్దరి సంతకాలూ పెట్టించండి. ఫొటోగ్రాఫర్‌తో కూడా ముందే రాయించుకోండి: అవార్డుకి, పత్రికలకి, నిర్వాహకుల ప్రదర్శనకి వాడుకోవచ్చని.

స్కేలుబద్ద:
బోర్డుల సంగతి. ఏ1 అంటే 594 × 841 మి.మీ. మొదటి వడపోత చాలాచోట్ల స్క్రీన్ మీదో ఏ3 ప్రింటు మీదో జరుగుతుంది. ఏ1ని ఏ3కి దింపితే పొడవూ వెడల్పూ సగమైపోతాయి. 10 పాయింట్ల అక్షరం 5 అవుతుంది, చదవలేరు. 18కి తగ్గకండి. 1:50 ప్లాన్ కాస్తా 1:100 అయి కూర్చుంటుంది, బోర్డు మీద రాసిన స్కేలు అబద్ధమవుతుంది. అందుకే గీత స్కేలు (బొమ్మతోపాటే చిన్నదయ్యే కొలత గీత) వెయ్యండి, ఉత్తరం గుర్తు మరవొద్దు.

మొదటి బోర్డు మీద ఒక్క పెద్ద ఫొటో, ప్లాన్, మండువా మధ్యగా కోసిన సెక్షన్ (నిలువుకోత బొమ్మ). అంతే. ఎనిమిది చిన్న ఫొటోలు అతికిస్తే జ్యూరీ కన్ను ఎక్కడా ఆగదు. రెండో బోర్డు డీటెయిల్స్‌కి. "మండువా" అన్న మాట తెలియనివాళ్ళు ఉండొచ్చు, కాబట్టి వాన నీరు ఎటు పోతుందో సెక్షన్‌లో బాణంతో చూపించండి.

ఏ1 మొత్తాన్ని 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) బొమ్మగా మారిస్తే 7016 × 9933 పిక్సెళ్ళు, సైజు పెరిగిపోతుంది. ఫొటోలు మాత్రం 150 డీపీఐకి దించి, డ్రాయింగులు వెక్టార్‌గానే (చుక్కలుగా మార్చకుండా గీతలుగానే) ఉంచండి. జేపెగ్ చేస్తే సన్న గీతలు మసకబారతాయి. మాంకడ రాయి కోసం చుక్కల హ్యాచ్ (రాయిని సూచించే నింపుడు గుర్తు) గోడంతా నింపారా, అదొక్కటే ఫైలుని బరువెక్కిస్తుంది. గోడ కోసిన చోట నిండు నలుపు చాలు.

బరంపురం బాట:
ఉత్తరం ముఖమన్నారు కదా. సెప్టెంబరు ఆఖరు నుంచి మార్చి దాకా ఆ గోడకి నేరుగా ఎండ తగలదు. పగలు తీస్తే వెనక ఆకాశం తెల్లగా, ముందు ఇల్లు నల్లగా వస్తుంది. పొద్దు గుంకిన 15, 20 నిమిషాలకి లోపల దీపాలు వెలిగించి తియ్యండి. తెల్ల ట్యూబులు, పసుపు బల్బులు కలిపి వెలిగించకండి, ఏదో ఒకటే.

మాంకడ రాయికి అందం దాని గుంటలే. ఎదురు ఎండలో మట్టిగోడలా కనపడుతుంది. తూర్పు గోడని పది, పదకొండు మధ్య తియ్యండి, ఎండ గోడని రాసుకుంటూ దిగుతుంది. వానాకాలం పాచి నల్లగా పట్టి ఉంటే మెత్తటి బ్రష్షుతో నీళ్ళు పోసి కడగండి, యాసిడ్ వద్దు.

ఇంకోటి. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ తుఫాన్లు చూసిన ప్రాంతం ఇది. పెంకు కప్పు చూడగానే జ్యూరీ అడిగేది "గాలికి లేవదా?" అనే. చదరపు మీటరుకి 15 దాకా పెంకులు. చూరు దగ్గరవి కింది చెక్క బద్దకి దేనితో కట్టారు, చూరు ఎంత ముందుకొచ్చింది, నడికప్పు పెంకు ఎలా కూర్చుంది, 1:10లో గీసి రెండో బోర్డు మీద పెట్టండి. ఐఎస్ 875 (కట్టడాల మీద భారాలకి భారత ప్రమాణం) మూడో భాగం ప్రకారం గాలి లెక్క చేసి ఉంటే ఒక్క లైను రాయండి. చెయ్యకపోతే రాయొద్దు.

గళ్ళకాగితం:
అందరికీ థాంక్సండి. 150 పదాల్లో ఏం రాయను? పేరు దాచడం అంటే టైటిల్ బ్లాక్ (డ్రాయింగు మూలన పేరు, వివరాలుండే గడి) తీసేస్తే చాలా?

స్కేలుబద్ద:
చాలదు. పీడీఎఫ్ ప్రాపర్టీస్‌లో ఆథర్ గడి, ఫైలు పేరు, ఫొటోలో గేటు మీది బోర్డు, అన్నీ చూడాలి. ఆటోక్యాడ్‌లో (డ్రాయింగు సాఫ్ట్‌వేరు) దాని సొంత ఎస్‌హెచ్‌ఎక్స్ ఫాంటుతో రాసిన అక్షరాలు పీడీఎఫ్‌లో కామెంట్లుగా దిగుతాయి, పీడీఎఫ్‌ఎస్‌హెచ్‌ఎక్స్ అన్న సెట్టింగు విలువ 0 చేసి ప్లాట్ చెయ్యండి.

వివరణలో "ప్రకృతితో మమేకం" లాంటివి వద్దు. రాయి ఎన్ని కిలోమీటర్ల నుంచి వచ్చింది, గోడ మందం ఎంత, నేల చెమ్మ పైకి పాకకుండా పునాది మీద ఏం వేశారు, ఇవి రాయండి. లోపల చల్లన అంటే ఎవరూ నమ్మరు. రేపటి నుంచి రెండు వారాలు మధ్యాహ్నం రెండింటికి మండువాలోనూ వీధిలో నీడపట్టునా థర్మామీటరు చూసి రాసి పెట్టుకోండి, ఆ రెండు అంకెలకీ 150లో పది పదాలు చాలు.